ఒక హెల్మెట్, రెండు తలకాయలు

చివ్వెంల దాటాక పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్లో బీరప్ప పాలు అమ్మేవాడు. కురుమల ఇల్లు. తండ్రి కాలంలో గొర్ల మంద ఉండేది. మేత బీళ్లు ప్లాట్లయ్యాక గొర్లు పోయి బర్రెలు మిగిలాయి. పొద్దున్నే సైకిల్‌కు చెరోపక్క ఒక క్యాను తగిలించుకుని సూర్యాపేటకు పోయి, ఇళ్లకూ హోటళ్లకూ పాలు పోసి రావడం అతని పని. బీరప్ప పాలల్లో నీళ్లు కలపడని కొందరూ, అందరికన్నా తక్కువ కలుపుతాడని మరికొందరూ అనేవాళ్లు. ఏదైనా మంచి పేరే.

రెండువేల పదకొండులో హైవేను వెడల్పు చేస్తున్నారు. పేట మొదట్లో ఎవరినో లారీ గుద్దిందని ధర్నా జరిగింది. అధికారులు ఎప్పుడూ లేనంత చురుగ్గా కదిలి రాత్రికి రాత్రే అక్కడ ఒక స్పీడ్ బ్రేకర్ పోయించారు. దాని మీద తెల్ల చారలు మాత్రం వేయలేదు. రంగు వేరే కాంట్రాక్టట. జనం పడకుండా పోసిన ఆ గడ్డ మీద తెల్లారేలోగా ఇద్దరు పడ్డారు. ముసురులో తల వంచుకుని వస్తున్న బీరప్ప మూడోవాడు.

సైకిల్ ఎగిరింది, క్యాన్లు దొర్లాయి, బీరప్ప నెత్తి తారుకు తగిలింది. చుట్టుపక్కలవాళ్లు పరిగెత్తుకొచ్చి ముందు క్యాన్లను నిలబెట్టారు, తర్వాత బీరప్పను.

సర్కారు దవాఖానలో కుట్లు వేసిన కుర్ర డాక్టరు చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "పెద్దాయనా, ఇకనుంచి సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకో."

బీరప్ప నవ్వాడు. నొప్పితో ఉన్న మనిషిని నవ్వించడానికి డాక్టర్లు అట్లా అంటారనుకున్నాడు.

కుట్లు మానాయి గానీ తల మునుపటిలా లేదు. వకీలు ఇంట్లో పోయాల్సిన పాలు ఆండాళు టీచరమ్మ ఇంట్లో పోసేవాడు. వకీలు ఇంటి ముందు నిలబడి తను ఎందుకొచ్చాడో వకీలునే అడిగేవాడు. ఇవన్నీ నవ్వులాటలోనే పోయాయి. ఒకరోజు పొద్దున మాత్రం, బర్రెలకు నీళ్లు పెడుతున్న కూతురిని "ఓ మల్లక్కా, బకీటు ఇటు తే" అని పిలిచాడు. మల్లక్క అతని చెల్లెలు. చనిపోయి చాలా ఏళ్లయింది. పలకలేదేమని మళ్లీ పిలిచాడు. ఎనిమిదో తరగతి చదివే గోపిక బకీటు కింద పెట్టి ఏడ్చింది.

"నాయినా, నేను గోపికను."

బీరప్ప బకీటు తనే అందుకుని బర్రెలకు నీళ్లు పెట్టాడు. చావంటే అతనికి అంత భయం లేదు. బతికుండీ బిడ్డ పేరు మర్చిపోవడమంటేనే భయం పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే హెల్మెట్ కొనడానికి బయల్దేరాడు.

సూర్యాపేటలో మోటారు సైకిల్ హెల్మెట్లే ఉన్నాయి. ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. లోపల ఉడికిపోయింది. వెనక లారీ హారన్ కొడితే పక్క ఊళ్లో కొట్టినట్టు వినిపించింది. చెవులు మూసుకుని హైవే మీద పోవడం కన్నా నెత్తి పలగ్గొట్టుకోవడమే నయమనిపించింది. నాలుగోనాడు ఆండాళు టీచరమ్మ తలుపు తీసి, నల్లటి గుండుతో నిలబడ్డ ఆకారాన్ని చూసి దొంగ దొంగ అని అరిచింది. అద్దం పైకి లేపి "అమ్మా, పాలు" అనేలోగా ఎదురింటాయన కర్ర పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు. ఆ హెల్మెట్‌ను బీరప్ప ఆ సాయంత్రమే వాపసు ఇచ్చాడు.

కోదాడలో పెద్ద సైకిల్ దుకాణం ఉందని ఎవరో చెబితే అక్కడికి పోయాడు. దుకాణాయన కళ్లద్దాలు తీసి మరీ చూశాడు.

"సైకిలుకి హెల్మెట్టా? ఎవరండీ మీకు చెప్పింది?"

"డాక్టర్ సారు చెప్పిండు. పాలు పొయ్యబోయి పడ్డ."

"డాక్టర్లు చెబుతారండీ, వాళ్లదేం పోయింది. సరే, క్రికెట్టు హెల్మెట్ ఒకటుంది, తీసుకెళ్లండి. ముందు ఇనప జాలీ కూడా ఉంటుంది. మీ పాలు బాగాలేవని ఎవరైనా రాయి విసిరినా మొహానికి దెబ్బ తగలదు."

బీరప్ప దండం పెట్టి బస్సెక్కాడు.

చివరికి దొరికింది మిర్యాలగూడలో. అతని బావమరిది లింగస్వామి అక్కడ రైస్ మిల్లులో హమాలీ. ఆ మిల్లు సేటుకు షుగరు వస్తే, సైకిల్ తొక్కితే తగ్గుతుందని హైదరాబాద్ నుంచి గేర్ల సైకిల్, దానికి జోడీగా గాలాడేట్టు బొక్కల బొక్కలుగా ఉన్న తేలిక హెల్మెట్ తెప్పించుకున్నాడు. వారం తొక్కాడు. తర్వాత ఆ సైకిల్ మీద సేటమ్మ తువ్వాళ్లు ఆరేయసాగింది. హెల్మెట్ వరండాలో మేకుకు వేలాడుతోంది. లింగస్వామి భయపడుతూ అడిగాడు.

"తీస్కపోండయ్యా, పుణ్యముంటది," అన్నాడు సేటు. "దాన్ని సూసినప్పుడల్లా మా ఇంటామె నన్ను తిడుతది."

బీరప్ప బదులుగా ఒక డబ్బా నెయ్యి ఇచ్చాడు. షుగరున్న సేటు ఆ నెయ్యిని మాత్రం మేకుకు తగిలించలేదు.

హెల్మెట్ వెనకాల ఒక చిన్న చక్రం ఉంది. తిప్పితే లోపలి పట్టీ బిగుసుకుంటుంది, వదులవుతుంది. బీరప్ప తలకూ గోపిక తలకూ రెంటికీ సరిపోతుంది. గోపిక కూడా సూర్యాపేట హైస్కూలుకు అదే రోడ్డు మీద సైకిల్‌పై పోతుంది. బీరప్ప తెల్లవారుజామున పోయి ఎండ ముదరకముందే తిరిగొచ్చి హెల్మెట్ బిడ్డకు ఇచ్చేట్టు ఏర్పాటు చేశాడు.

భార్య యాదమ్మ మండిపడింది.

"నీకు సోయి ఉన్నదా? ఆడపిల్ల నెత్తి మీద గంప ఉండాలె, బిందె ఉండాలె. గా బొక్కల గిన్నె ఏంది? రేపు సంబంధం సూసెటోల్లు పోరికి నెత్తిల ఏమన్న రోగమా అని అడుగుతరు."

"గా రోగం నాకొచ్చింది సూసినవు గదా. బిడ్డకు రావద్దనే."

"నీకంటే వయసు మీద పడ్డది, పడ్డవు. పోరి ఎందుకు పడ్తది?"

ఊరి బస్ స్టేజీ దగ్గర చాయ్ హోటల్లో ఈ విషయం మీద చర్చ నెలల తరబడి నడిచింది. అక్కడ ఒకాయన పిల్లల తలకాయ మెత్తగా ఉంటుంది కాబట్టి పడ్డా ఏం కాదని తేల్చాడు. ఇంకొకాయన పెద్దల తలకాయ గట్టిపడి ఉంటుంది కాబట్టి పడ్డా ఏం కాదన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు మెచ్చుకున్నారు. మరి బీరప్ప తల ఎందుకు పలిగిందంటే, అది గ్రహచారమన్నారు.

"మన తాతలు పెట్టుకున్నరా హెల్మెట్లు?" అన్నాడు మెత్తని తలకాయల వాది.

"మన తాతలకు సైకిల్లు ఉన్నయా?" అన్నాడు బీరప్ప చాయ్ హోటలుకు పాలు పోస్తూ.

"అదే అంటున్న. సైకిల్ లేకున్నా బతికిండ్రు, హెల్మెట్ లేకున్నా బతికిండ్రు."

బీరప్ప క్యాను మూత బిగించి సైకిలెక్కాడు.

బడిలో గోపికకు పుట్టగొడుగు అని పేరు పెట్టారు. పైగా పొద్దున్నే నాయిన పెట్టుకున్న హెల్మెట్ కదా, పాల వాసన, చెమట వాసన. ఆ పిల్ల ఊరు దాటగానే కల్వర్టు దగ్గర ఆగి, హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించి, సాయంత్రం మళ్లీ అదే కల్వర్టు దగ్గర నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేది. ఒకరోజు బీరప్ప పాలు పోసి తిరిగొచ్చాక, ఊరి చివర బర్రెలు తోలుతూ అది చూశాడు. తిట్టలేదు. రాత్రి అన్నం దగ్గర అడిగాడు.

"ఎవరన్న నవ్వుతున్నరా బిడ్డా?"

"అందరు నవ్వుతున్నరు నాయినా. ఇజ్జత్ పోతుంది."

"నన్ను సూసి గూడ నవ్వుతరు. నవ్వెటోల్లకు గూడ పాలు పోస్తనే ఉన్న. ఒక్కడన్న పాలు వద్దన్నడా?"

గోపిక కంచం కడగడానికి లేచింది. మర్నాడు కల్వర్టు దగ్గర ఆగింది, కాసేపు ఆలోచించింది, మళ్లీ తీసింది. ఇట్లా కొన్నాళ్లు తీస్తూ పెడుతూ గడిచింది. మార్పు వచ్చింది నాయిన మాటకు కాదు. హైవే పని దుమ్ముకు తక్కిన ఆడపిల్లల జుట్టు సాయంత్రానికి చీపురు కట్టలయ్యేది. గోపిక జడ మాత్రం పొద్దున అల్లినట్టే ఉండేది. అది చూసి ఆమె దోస్తు వర్షిణి ఒకరోజు హెల్మెట్ అడిగి పెట్టుకుంది. ఆ తర్వాత నవ్వడం కొంచెం తగ్గింది. ప్రాణం కాపాడుతుందన్నప్పుడు ఎవరూ వినలేదు. జుట్టు కాపాడుతుందనేసరికి ఆలోచనలో పడ్డారు.

హెడ్మాస్టరు తులసీరాం మంచి మనిషి. మంచితనం వల్లనే అన్నింటికీ భయపడేవాడు. బీరప్పను పిలిపించాడు.

"హెల్మెట్ యూనిఫాంలో లేదు బీరప్పా. పైనుంచి సర్క్యులర్ వస్తే అప్పుడు పెట్టుకోవచ్చు."

"సార్, సర్క్యులర్ రానిది పోరలు కింద పడరా?"

తులసీరాం ఆ ప్రశ్నను అట్లాగే పై అధికారికి రాసి పంపాడు. ఏడాది తర్వాత జవాబొచ్చింది: తగు చర్య తీసుకొని నివేదిక పంపవలెను. ఏ చర్య తగునో అందులో లేదు. తులసీరాం ఆలోచించి, ఊరుకోవడాన్ని మించిన తగు చర్య లేదనుకున్నాడు. అట్లా గోపిక పదో తరగతికి వచ్చింది.

రెండువేల పద్నాలుగు మొదట్లో ఒక పేపరు జిల్లా పేజీలో తండ్రీకూతుళ్ల ఫొటో వేసి, ఇద్దరికీ ఒకటే హెల్మెట్ అని నాలుగు ముక్కలు రాశారు. అది సత్యనారాయణ రెడ్డి కంట పడింది. ఆయనకు భూములున్నాయి, పత్తి మిల్లు ఉంది, ఇక జెడ్పీటీసీ పదవి ఒక్కటే తక్కువైంది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. అన్నాళ్లూ "ఏంరా బీరిగా" అని పిలిచినాయన కారు దిగి, పేడ తొక్కుకుంటూ పాక దాకా వచ్చి "బీరప్పన్నా, బాగున్నవా?" అన్నాడు. బీరప్ప తన వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాడు.

"నీ అసుంటోడు మన మండలంల ఉండుడు మాకు గర్వం. బడి పోరలందరికి హెల్మెట్లు పంచుతున్న. నువ్వు స్టేజీ మీద కూసోవాలె."

"పోరలకు ఇస్తే మంచిదే పటేలా," అన్నాడు బీరప్ప నిజంగా సంతోషపడి.

ఫిబ్రవరి చివర్లో హైస్కూలు మైదానంలో సభ పెట్టారు. సత్యనారాయణ రెడ్డి వెనక ఆయన కొడుకు హరీష్, ఆ వెనక మోటారు సైకిళ్ల దండు. ఒక్కరి నెత్తి మీదా హెల్మెట్ లేదు. అదేమని ఒక విలేకరి అడిగితే హరీష్ ఆశ్చర్యపోయాడు. "హెల్మెట్ పెట్టుకుంటే జనం మా మొఖం ఎట్ల గుర్తుపడ్తరు?"

సంచుల్లోంచి తీసి పంచినవి పసుప్పచ్చ ప్లాస్టిక్ టోపీలు. బిల్డింగులు కట్టేచోట మేస్త్రీలు పెట్టుకునే రకం. అన్నీ ఒకటే సైజు. ప్రతి దాని నుదుట సత్యనారాయణ రెడ్డి నవ్వుతూ ఉన్న స్టిక్కరు. ఆరో తరగతి పిల్లలు పెట్టుకుంటే ముక్కు దాకా దిగి, పిల్లల మొహాలు పోయి ఆయన మొహాలే వరసగా కనిపించాయి. ఫొటో తీసేవాళ్లకు అదే బాగుంది. బీరప్ప ఒళ్లో ఉన్న పాత హెల్మెట్‌కు కూడా హరీష్ ఒక స్టిక్కరు అంటించాడు.

"పిల్లలే ఈ దేశానికి తలకాయలు!" అన్నాడు సత్యనారాయణ రెడ్డి మైకులో. "ఆ తలకాయలను కాపాడే బాధ్యత నాది!"

ముందు వరసలోంచి గోపిక లేచి నిలబడింది.

"సార్, వీటికి బెల్టు లేదు."

"బెల్టు రెండో విడతల వస్తది బిడ్డా," అన్నాడాయన చప్పట్ల మధ్య.

అదే సమయానికి గాలి లేచింది. బెల్టు లేని టోపీలు ఒక్కొక్కటే ఎగిరి మైదానమంతా దొర్లసాగాయి. దుమ్ముకు కళ్లు కనబడని పిల్లలు వాటి వెంట పరిగెత్తి షామియానా గుంజను గుద్దారు. గుంజ ఒరిగి వచ్చి సత్యనారాయణ రెడ్డి నెత్తి మీద పడింది. దెబ్బ చిన్నదే, రెండు కుట్లతో పోయింది. స్టేజీ మీద హెల్మెట్ ఉన్నవాడు బీరప్ప ఒక్కడే. పటేలుకు తన హెల్మెట్ ముందే ఇవ్వాల్సిందేమోనని అతను ఇంటికి పోయే దారంతా బాధపడ్డాడు.

టోపీలు వారం కూడా పిల్లల దగ్గర లేవు. ఎన్నికల కోడ్ వచ్చింది. అభ్యర్థి ఫొటో ఉన్న వస్తువులన్నీ జప్తు చేయాలని రెవెన్యూవాళ్లు జీపులో బయల్దేరి, బడిలో టోపీలన్నీ సంచుల్లో కట్టారు. ఆ తర్వాత బీరప్ప ఇంటి ముందు ఆగారు.

"నీ హెల్మెట్ మీద ఫొటో ఉన్నదట. ఇయ్యి."

"సార్, ఇది నాదే. ఫొటోనే వాళ్లది."

"ఫొటో ఉన్నదంటే జప్తే."

ఇంట్లోంచి యాదమ్మ వచ్చింది. మూడేళ్లుగా ఆ హెల్మెట్‌ను పొయ్యిల పెడతానన్న మనిషి, దాన్ని మొగుడి చేతిలోంచి లాక్కుని పొట్టకు హత్తుకుంది.

"ఫొటో గదా మీకు కావల్సింది? జర ఆగుండ్రి." అక్కడే కూర్చుని గోటితో స్టిక్కరు గీకింది. సగం మొహం ఊడింది, మీసం ఊడలేదు.

"మీసం ఉన్నది గదమ్మా," అన్నాడు అధికారి. "మీసం సూస్తే ఓటర్లు గుర్తుపడ్తరు."

"ఒక్క మీసానికి ఓటేస్తరా ఎవరన్న?" అంటూనే యాదమ్మ దీపాల గ్యాసునూనె, బూడిద, కొబ్బరి పీచు తెచ్చింది. జీపు ఇంజన్ ఆపి అధికారులు నిలబడి చూస్తుండగా, గిన్నె తోమినట్టు తోమింది. చివరికి మీసం కూడా పోయింది. కాగితాల్లో అభ్యర్థి ఆనవాళ్లు లేవని రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు.

"పోరి నెత్తిదాన్ని గుంజుకపోతరా?" అంది యాదమ్మ జీపు పోయిన వైపు చూస్తూ. బీరప్ప బర్రెల పాకలోకి జారుకున్నాడు. ఏమన్నా అంటే మళ్లీ మొదటికొస్తుందని తెలుసు.

పదో తరగతి పరీక్షల మధ్యలో ఒక పొద్దున, పొలిమేర రోడ్డు మీద సత్యనారాయణ రెడ్డి ప్రచార ర్యాలీ ఎదురొచ్చింది. జెండాలు పట్టుకుని బండికి ముగ్గురేసి. గోపిక రోడ్డు అంచుకు దిగింది. ఒక బండి వెనక కూర్చున్నవాడి జెండా కర్ర ఆమె హ్యాండిల్‌కు చిక్కుకుంది. ఆమె ఎగిరి, రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప మీద నెత్తి తగిలేట్టు పడింది. ర్యాలీ ఆగలేదు. జెండా విరిగిందని మాత్రం ఎవరో అరిచారు.

అటుగా పోతున్న ఆశ వర్కర్ సువార్తమ్మ పరిగెత్తి లేపింది. మోకాలు చెక్కుకుపోయింది, మోచేయి నెత్తురు. నెత్తి మీద చిన్న గీత కూడా లేదు. హెల్మెట్ మాత్రం ఈ చివరనుంచి ఆ చివరకు పగిలింది.

"నీ పేరేంది బిడ్డా? ఇయ్యాల ఏ పరీక్ష?"

"గోపిక. లెక్కలు."

"మతి మంచిగనే ఉన్నది. నడువు, కట్టు కట్టి సెంటర్ల దింపుతా."

కట్టుతోనే పరీక్ష రాసింది. సాయంత్రం బీరప్ప బర్రెలను తోలుకుని ఇంటికి వచ్చేసరికి బిడ్డ మంచం మీద కూర్చుని జామకాయ తింటోంది. పగిలిన హెల్మెట్ పక్కనే ఉంది. అతను బిడ్డ తలను రెండు చేతులతో పట్టుకుని, వేళ్లతో అంతా తడిమి చూశాడు. తర్వాత పక్కకు పోయి బర్రె మెడ మీద మొహం పెట్టుకుని ఏడ్చాడు.

రాత్రికల్లా ఊరంతా చూడడానికి వచ్చింది. చాయ్ హోటల్ మేధావులు హెల్మెట్‌ను చేతులు మార్చుకుంటూ పరిశీలించారు.

"సూసినవా బీరప్పా? గిదే పలిగింది. ఇగ నెత్తినేం కాపాడ్తది?" అన్నాడు మెత్తని తలకాయల వాది.

"నేను మొదటిసందే చెప్తున్న," అన్నాడు గట్టి తలకాయల వాది. "పోరి తలకాయ సూడు, ఏం గాలే. దానంతటదే గట్టిది. అనవసరంగ మంచి హెల్మెట్ ఖరాబు చేసుకున్నరు."

తెల్లారి సత్యనారాయణ రెడ్డి వచ్చాడు. గుంజ పడి నెల దాటినా నెత్తికి ఇంకా చిన్న పట్టీ ఉంది. పళ్లు తెచ్చాడు. వెనక ఇద్దరు విలేకర్లు.

"బీరప్పన్నా, మేమిచ్చిన హెల్మెటే పోరిని బతికించిందని ఒక్క మాట చెప్పు. చాలు."

బీరప్ప చేతులు కట్టుకునే జవాబు చెప్పాడు.

"మీ హెల్మెట్లు తహసీల్ ఆఫీసుల తాళమేసి ఉన్నయి పటేలా. పోరిని పడేసింది మాత్రం మీ జెండానే. గది చెప్పమంటె చెప్తా."

విలేకర్లు పెన్నులు తీశారు. సత్యనారాయణ రెడ్డి వాళ్లకు చాయ్ ఇప్పిస్తానని భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు. మర్నాటి పేపర్లో, ప్రమాదంలో గాయపడ్డ విద్యార్థినికి నాయకుడి పరామర్శ అని వచ్చింది. జెండా లేదు, హెల్మెట్ లేదు. పళ్లు మాత్రం ఉన్నాయి.

ఆయన గెలిచాడు. కోడ్ ఎత్తేశాక పసుప్పచ్చ టోపీలను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు, బెల్టుల రెండో విడతా రాలేదు. వానలు మొదలవగానే తహసీల్ ఆఫీసు పాత పైకప్పు పెచ్చులు ఊడిపడసాగాయి. గుమాస్తాలు ఆలోచించి సంచులు విప్పారు. ఇన్‌కం సర్టిఫికెట్ కోసం పోయిన బీరప్పకు, నుదుట సత్యనారాయణ రెడ్డి నవ్వుతుండగా పసుప్పచ్చ టోపీల కింద వరసగా కూర్చుని రాసుకుంటున్న ఆఫీసంతా కనిపించింది. ఆ మండలంలో హెల్మెట్ నియమం పూర్తిగా అమలైన చోటు అదొక్కటే.

గోపిక మంచి మార్కులతో పాసై సూర్యాపేటలో జూనియర్ కాలేజీలో చేరింది. లింగస్వామి సేటుతో చెప్పించి హైదరాబాద్ నుంచి రెండు హెల్మెట్లు తెప్పించాడు, ఒకటి నీలంది, ఒకటి ఎర్రది. కాలేజీ పొద్దున్నే కాబట్టి తండ్రీకూతుళ్లు ఇప్పుడు కలిసే బయల్దేరుతున్నారు. చాయ్ హోటల్లో నవ్వులు ఆగలేదు. ఒకటి పలిగితేనే బుద్ధి రాలేదు, ఇప్పుడు రెండు కొన్నాడని కొత్త మాట పుట్టింది. అయితే మెత్తని తలకాయల వాది ఒకరోజు క్యాను పక్కన నిలబడి, మనవడికి ఎర్రది దొరుకుతుందా అని మెల్లగా అడిగాడు. అడిగినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు.

జూలైలో ఒక పొద్దున, నల్గొండలో ప్రమాణ స్వీకారానికి పోతున్న కొత్త జెడ్పీటీసీ ఊరేగింపు ఎదురైంది. ముందు కారులో దండలు, వెనక హారన్లు కొట్టుకుంటూ బండ్లు, గాలికి జుట్టు ఎగరేసుకుంటూ కుర్రాళ్లు. గోపిక సైకిల్ దిగి పొలం గట్టు మీదికి ఎక్కించింది. బీరప్ప క్యాన్లు ఒరగకుండా పట్టుకుని ఆమె ముందు అడ్డంగా నిలబడ్డాడు. ఆఖరి బండి పోయేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"పోదమా నాయినా?"

"జర ఆగు బిడ్డా. ఎనుకబడ్డోడు ఒకడు ఎప్పుడూ ఉంటడు."

నిజంగానే ఇంకో బండి దూసుకుపోయింది. అప్పుడు రోడ్డెక్కారు. వకీలు ఇంట్లో పాలకు అప్పటికే ఆలస్యమైంది.